పటములోని గళ్లు: చోటును అంకెలతో చెప్పు విధము

గత డిసెంబరు మాసమున మన పాఠశాల తొమ్మిదవ తరగతి విద్యార్థినీ విద్యార్థులను వెంటబెట్టుకొని తూర్పు కనుమలలో మూడు దినముల శిబిరము నడపితిమి. అచ్చట జరిగిన యొక పొరపాటును గూర్చి తల్లిదండ్రులు పలువురు పలు విధములుగా విని యున్నారు. పటము తప్పని కొందఱును, పటము చదువుట రాని పిల్లలను కొండలలోనికి పంపుట తప్పని కొందఱును అనుకొనుచున్నారు. ఒక బాలిక అంకెలను తారుమారుగా చదివినదను మాట కూడ మా చెవిని బడినది. పటమునందు తప్పు లేదు. ఆ బాలికయందు అసలే లేదు. అది యెట్లు జరిగినదో తెలియవలెనన్న, పటముపైనున్న గళ్లను చదువు విధము ముందుగా తెలిసి యుండవలెను. ఈ సంచికకు భూగోళ విషయమైన వ్యాస మొకటి కావలెనని సంపాదకులు కోరియున్నారు గనుక, ఆ వ్యాసమును, మేము చెప్పుకొనవలసిన సంజాయిషీని ఒక్కచోటనే చేర్చి వ్రాయుచున్నాము.

ఊరిలో చోటు చెప్పుట కష్టము కాదు. "రావిచెట్టు దాటిన తరువాత రెండవ సందు, బియ్యపు మిల్లు ఎదురుగా" అన్న చాలును. వచ్చువాడు తిన్నగా గుమ్మములోనికి వచ్చును. కొండలలో నట్లు కాదు. అచ్చట రావిచెట్లు వేయి. ఒకే కొండను ఈవలి పల్లెవారు ఒక పేరుతోను, ఆవలి పల్లెవారు మఱియొక పేరుతోను పిలుతురు. పేరే లేని మలుపులు, వాగులు, రాతిపలకలు లెక్కకు మిక్కిలి. అట్టి చోట నిలిచియున్న వానిని "ఎక్కడ నున్నావు?" అని యడిగినచో "ఇక్కడనే" అని తప్ప వేఱు జవాబు రాదు.

ఈ చిక్కును తీర్చు ఉపాయము మన తోటమాలులకు తెలియనిది కాదు. వరుసలు తీర్చి నాటిన మామిడితోటలో "నాలుగవ వరుస, ఏడవ చెట్టు" అని కాపలావాడు చెప్పినచో, చీకటిలోనైనను ఆ చెట్టును పట్టుకొనవచ్చును. రెండు సంఖ్యలతో చోటు తేలిపోయినది. ఫ్రాన్సు దేశీయుడగు డెకార్టు 1637వ సంవత్సరమున ప్రకటించిన జ్యామితి గ్రంథముతో నీ పద్ధతి గణితశాస్త్రమున స్థిరపడినది. దేశపటములపై గళ్లు గీసి చోట్లు చెప్పుట మాత్రము మొదటి ప్రపంచ యుద్ధకాలమున విశేషముగా వ్యాపించెను. కంటికి కనబడని గుఱిపై ఫిరంగి పేల్చువారికి చోటు ఖచ్చితముగా తెలియవలసి వచ్చినందున ఆ యవసరము పుట్టినది. యుద్ధమునకై పుట్టిన వస్తువు నేడు తప్పిపోయిన వారిని వెదకుటకు ఉపయోగపడుచున్నది.

ఇక పటమును చూడుడు. మా శిబిరమున వాడినది 1:50,000 కొలతగల పటము. అనగా పటముపై రెండు సెంటీమీటర్లు నేలపై ఒక కిలోమీటరునకు సమానము. దానిపై రెండేసి సెంటీమీటర్లకు ఒక్కొక్కటి చొప్పున నిలువు గీతలును, అడ్డు గీతలును గలవు. కాబట్టి ప్రతి గడియు నేలపై ఒక కిలోమీటరు పొడవు, ఒక కిలోమీటరు వెడల్పు గల చతురస్రము. మన యెకరముల లెక్కలో సుమారు 247 ఎకరములు. నిలువు గీతల సంఖ్యలు పటము క్రింది అంచునను పై అంచునను ఉండును. ఇవి పడమటి నుండి తూర్పునకు పోవుకొలది పెరుగును. గనుక వీనికి ఈస్టింగులని పేరు. మేము తూర్పు సంఖ్యలందుము. అడ్డు గీతల సంఖ్యలు కుడియెడమ అంచులయందుండి దక్షిణము నుండి ఉత్తరమునకు పెరుగును. ఇవి నార్తింగులు, ఉత్తర సంఖ్యలు.

ఇచ్చట పిల్లలు తఱచుగా తడబడుదురు. నిలువు గీత నిలువుగా నున్నది గదా, అది పైకి కొలుచునేమో యని భ్రమపడుదురు. గీత నిలువుగా నుండుటచేతనే అది తూర్పు పడమరలను వేఱుచేయుచున్నది. పొలమునకు తూర్పు హద్దుగా వేసిన గట్టు ఉత్తర దక్షిణములుగానే గదా సాగును! ఈ పోలిక చెప్పిన పిమ్మట రైతుల బిడ్డలెవ్వరును మరల తప్పలేదు. పట్టణపు పిల్లలకు మాత్రము రెండుసార్లు చెప్పవలసి వచ్చినది.

చదువు నియమ మొక్కటే: తూర్పు సంఖ్య ముందు, ఉత్తర సంఖ్య తరువాత. దీనిని జ్ఞాపకముంచుకొనుటకు మేము తరగతిలో తాటిచెట్టును చెప్పుదుము. కల్లు గీయువాడు మొదట నేలపై నడిచి చెట్టు మొదటికి పోవును, పిమ్మట పైకెక్కును. ఎక్కిన తరువాత నడచిన వాడు లేడు. పటమునందును ముందు నేలబారుగా తూర్పునకు నడువవలెను, ఆ తరువాతనే ఉత్తరమునకు ఎక్కవలెను.

ఒక గడిని చెప్పవలెనన్న దాని యెడమవైపు నిలువు గీత సంఖ్యను, క్రిందివైపు అడ్డు గీత సంఖ్యను వరుసగా చెప్పిన చాలును. ఇది నాలుగంకెల గుఱుతు. ఉదాహరణమునకు హైదరాబాదులోని చార్మినారు కట్టడమును దీసికొందము. దాని అక్షాంశము 17.3616 డిగ్రీల ఉత్తరము, రేఖాంశము 78.4747 డిగ్రీల తూర్పు. నేడు లోకమంతట వాడుకలోనున్న యు.టి.ఎం. అను గళ్ల పద్ధతిలో దాని తూర్పు సంఖ్య సుమారు 2,31,650 మీటర్లును, ఉత్తర సంఖ్య సుమారు 19,21,320 మీటర్లును అగుచున్నవి. కిలోమీటర్లలో 231, 1921. పటముపై వీని చివరి రెండంకెలనే పెద్దవిగా ముద్రింతురు: 31, 21. కావున చార్మినారున్న గడి 3121.

అయితే ఆ గడిలో 247 ఎకరముల పాతబస్తీ యిమిడి యున్నది. అందులో ఒకరినొకరు కలిసికొందమన్న ఎవరికెవరు దొరకుదురు? అందువలన గడిని మనస్సులోనే పది భాగములు తూర్పునకును, పది భాగములు ఉత్తరమునకును చేయవలెను. చార్మినారు 31వ గీతనుండి తూర్పునకు ఆరు భాగములు దాటి యున్నది. 21వ గీతనుండి పైకి మూడు భాగములు దాటి యున్నది. కాబట్టి తూర్పు 316, ఉత్తరము 213. కలిపి వ్రాసిన 316213. ఇది ఆరంకెల గుఱుతు. ఇది చెప్పునది వంద మీటర్ల చదరము, సుమారు రెండున్నర ఎకరముల చెలక. కొండలలో మనిషిని వెదకుటకు ఇది చాలును. ఆ పొలము గట్టున నిలిచి పిలిచినచో పలుకు వినబడును. ఎనిమిదంకెలైనచో పది మీటర్ల చదరము, అనగా రెండున్నర సెంట్ల యింటి స్థలము. అయితే 1:50,000 పటముపై కంటితో అంత సూక్ష్మముగా చదువుట నమ్మదగినది కాదు. పటముపై పది మీటర్లన్న మిల్లీమీటరులో అయిదవ వంతు. పెన్సిలు మొన దానికన్న లావుగా నుండును.

భాగములను లెక్కించునప్పుడు ఒక్క హెచ్చరిక. చుక్క ఆరవ భాగము దాటి ఏడవ దానికి దగ్గఱగా నున్నను ఆరే వ్రాయవలెను, ఏడని సవరింపరాదు. మన మొక బిందువును గాక, ఆ బిందువున్న చిన్న గడిని దాని నైఋతి మూలతో చెప్పుచున్నాము.

కంటి లెక్కకు బదులుగా ఒక చిన్న అట్టముక్క చేసికొనవచ్చును. పాత శుభలేఖ దీనికి మిక్కిలి అనుకూలము. దాని కుడివైపు పై మూలనుండి ఎడమవైపునకు రెండు సెంటీమీటర్లు, అదే మూలనుండి క్రిందికి రెండు సెంటీమీటర్లు కొలిచి, రెండు మిల్లీమీటర్లకొక గీత చొప్పున పది గీతలు పెట్టి, మూలవద్ద సున్న మొదలుకొని పదివఱకు అంకెలు వేయుడు. ఆ మూలను పటముపై మీకు కావలసిన చోటున పెట్టి, అట్ట అంచులను గీతలకు సమాంతరముగా నుంచినచో, ఎడమవైపు నిలువు గీత అట్టపై అంచును ఎచ్చట తాకునో అది తూర్పు భాగము. క్రింది అడ్డు గీత అట్ట నిలువు అంచును ఎచ్చట తాకునో అది ఉత్తర భాగము. మా తరగతిలో ముప్పదియొక్క శుభలేఖలు ఇట్లు రెండవ జన్మ మెత్తినవి. బజారులో దొరకు ప్లాస్టికు బిళ్లకన్న ఇవి తక్కువ పనిచేయలేదు.

ఇప్పుడు అసలు ఉచ్చు ఎచ్చట నున్నదో చెప్పుదుము. అక్షాంశ రేఖాంశములను చెప్పునప్పుడు ఉత్తరము ముందు, తూర్పు తరువాత. సెల్‌ఫోనులు చోటును చూపునది సాధారణముగా నీ వరుసలోనే. గళ్ల గుఱుతులో తూర్పు ముందు, ఉత్తరము తరువాత. రెండును వాడుకలోనివే, రెండును సరియైనవే, రెండును ఒకదానికొకటి ఎదురు. రెంటిని దినదినము వాడువాడు ఏదో యొకనాడు ఒకదాని యలవాటును రెండవ దానిలోనికి తెచ్చిపెట్టును. తేలికగా చెప్పుచున్నాము గాని, మాకది తేలికగా తెలియలేదు.

ఫోను అంకెలలో మఱియొక మోసము కూడ కలదు. 17.3616 అన్నది డిగ్రీల దశాంశము. దీనిని 17 డిగ్రీల 36 నిమిషముల 16 సెకనులని చదువువారిని చూచియున్నాము. సరియైన లెక్క 17 డిగ్రీల 21 నిమిషముల 42 సెకనులు. రేఖాంశమును గూడ నట్లే తప్పుగా చదివినచో చార్మినారును వెదకబోయినవాడు దానికి ఈశాన్యముగా నలువది కిలోమీటర్లకు పైగా దూరములో నిలుచును. బిందువు తరువాతి అంకెలను అరువదితో గుణించినగాని నిమిషములు రావని లెక్కల ఉపాధ్యాయులు చెప్పునది ఇచ్చట పనికివచ్చును.

ఆరంకెల గుఱుతునకు ఇంకొక లోపము సహజముగా నున్నది. వందల కిలోమీటర్ల అంకెలను వదలివేసితిమి గనుక, అదే 316213 చార్మినారునకు సరిగా నూఱు కిలోమీటర్ల తూర్పునను, నూఱు కిలోమీటర్ల ఉత్తరమునను మరల వచ్చును. ఒకే పటము చేతబట్టుకొన్న వారిలో దీనివలన చిక్కులేదు. దూరమునుండి సహాయము కోరునప్పుడు పటము సంఖ్యనుగాని, పూర్తి సంఖ్యలనుగాని చెప్పవలెను. యు.టి.ఎం. పద్ధతిలో భూమిని ఆరేసి డిగ్రీల వెడల్పుగల అరువది పట్టీలుగా విభజించినారు. మన తెలుగువారి నేల చిన్నదేయైనను మూడు పట్టీలలోనికి ప్రాకినది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము 44వ పట్టీలోనివి. అనంతపురము పడమటనున్న 43వ పట్టీలోనిది. ఇచ్ఛాపురము 45వ దానిలోనిది. 44వ పట్టీకి నడుమ గీత 81వ రేఖాంశము. అది ఏలూరునకు కొంచెము పడమటగా పోవును. ఆ గీతకు 500 కిలోమీటర్లని పేరుపెట్టి, అచ్చటినుండి లెక్కింతురు. ఋణసంఖ్యలు రాకుండుటకై చేసిన యుపాయమిది. చార్మినారు ఆ గీతకు పడమటగా 268 కిలోమీటర్ల దూరమున నుండుటచే దానికి 231 వచ్చినది. ఉత్తర సంఖ్యకు మాత్రము భూమధ్యరేఖయే మొదలు.

పటముల సంఖ్యలు తెలిసికొనుటయు వినోదముగానే యుండును. భారత సర్వే శాఖవారి పాత పద్ధతిలో నాలుగు డిగ్రీల చదరమునకు ఒక సంఖ్య. హైదరాబాదున్నది 56వ చదరము. దానిని ఒక్కొక్క డిగ్రీ చొప్పున పదునాఱుగా కోసి, వాయవ్య మూలనుండి మొదలుపెట్టి ఒక్కొక్క నిలువు వరుసను పైనుండి క్రిందికి నింపుచు ఏ మొదలు పి వఱకు ఇంగ్లీషు అక్షరములు పెట్టిరి. ఒక్కొక్క అక్షరపు చదరమును మరల అదే క్రమమున పదునాఱుగా కోసి అంకెలు పెట్టిరి. ఈ లెక్కను చార్మినారున్న పటము 56 కె/7. కొత్త పటములకు వేఱు సంఖ్యలు వచ్చినవి గాని, పాత సంఖ్యలు చెప్పువారు ఇంకను పెక్కుమంది కలరు. ఒకప్పుడు సముద్రతీరమునకు చేరువనున్న ప్రాంతముల పెద్ద పటములు సామాన్యునకు సులభముగా చిక్కెడివి కావు. 2005వ సంవత్సరపు జాతీయ పటముల విధానముతోను, 2021 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనలతోను ఆ కట్టుబాట్లు చాలవఱకు సడలినవి.

ఈ పటములకు పునాది వేసినవారిని గూర్చి రెండు మాటలు చెప్పక ముందుకు పోలేము. 1802 ఏప్రిల్ 10వ తేదీని విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి మద్రాసు చెంత పరంగికొండవద్ద, తోమా అపొస్తలుని పేరిట నున్న యా కొండ పాదమున, ఉక్కు గొలుసుతో నేలను కొలుచుట ప్రారంభించెను. ఏడున్నర మైళ్ల ఆ గీతపై త్రిభుజములను ఒకదాని ప్రక్క నొకటి పేర్చుకొనుచు దక్షిణదేశమంతయు కొలిచెను. ఆయన వాడిన కోణమానిక అర టన్ను బరువు. 1808లో తంజావూరు దేవాలయ గోపురముపైకి దానిని లాగుచుండగా గోపురమునకు కొట్టుకొని దెబ్బతినినది. ఆయన గుడారములో కూర్చుండి, వారముల తరబడి తన చేతులతోనే దానిని సరిచేసెను. పెక్కేండ్లు హైదరాబాదు రాజ్యమున పనిచేసి, 1823లో నేటి మహారాష్ట్రములోని హింగన్‌ఘాటున, పని నడుచుచుండగనే మరణించెను. ఆయన తరువాత వచ్చిన ఎవరెస్టు పేరు కొండకు పెట్టినారు. లాంబ్టన్ పేరు మన పిల్లలకు తెలియదు.

ఆ కాలమున భూమి యాకారమునకు వేసిన లెక్కకును, నేటి యుపగ్రహముల లెక్కకును కొంత భేదమున్నది. అందువలన పాత పటముపై చదివిన అంకెలను అట్లే ఫోనులో పెట్టినచో నూఱు మీటర్లకు మించిన తేడా రావచ్చును. పటము అంచున ఏ లెక్కను వాడిరో వ్రాసియుండును. ముందుగా అది చదువవలెను. దిక్సూచి విషయమై భయపడ నక్కఱలేదు. సూది చూపు ఉత్తరమునకును, గీతలు చూపు ఉత్తరమునకును మన ప్రాంతమున భేదము మిక్కిలి స్వల్పము. కొన్ని దేశములలో నిది పదిపదునైదు డిగ్రీల వఱకు నుండును.

ఇప్పుడు శిబిరము సంగతి.

రెండవ దినమున పిల్లలను మూడు జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టునకు పటము, దిక్సూచి, ఆ ప్రాంతపు పల్లెవాడొకనిని తోడు నిచ్చి, మధ్యాహ్నము మూడు గంటలకు అందఱును ఒకేచోట కలిసికొనవలెనని నిర్ణయించితిమి. ఆ చోటు తూర్పు 382, ఉత్తరము 417. శిబిరమునకు రెండు కిలోమీటర్లు. చీటీలు మూడును మేమే వ్రాసితిమి. మొదటి రెంటిని పటము చూచి వ్రాసితిమి. మూడవది వ్రాయునప్పుడు చేతిలో ఫోనున్నది; అక్షాంశమును ముందు చదువు అలవాటు మనస్సులో నున్నది. 382417కు బదులు 417382 వ్రాసి, మా పుస్తకములో గూడ నట్లే ఎక్కించి, బాలికల జట్టు చేతికిచ్చితిమి. ఆ చోటు కలియవలసిన చోటికి ఆగ్నేయముగా నైదు కిలోమీటర్లు. శిబిరమునుండి మూడే కిలోమీటర్లు గనుక నడక యెక్కువయైనదని వారికి అనుమానము రాలేదు.

తోడుపోయిన పల్లెవాడు దారిలోనే "అటు గెడ్డ తప్ప ఏమీ లేదమ్మా" అనెనట. పిల్లలు చీటీ చూపి "మాస్టారు వ్రాసినారు" అనిరట. ఆ మాట ఇప్పటికిని మా చెవులలో నున్నది.

గెడ్డలోని నాచుపట్టిన రాతిపై కాలుజారి ఒక బాలిక చీలమండ బెణికినది. నిలువబడలేకపోయినది. పల్లెవాడు ఆమెకడ నుండగా, జట్టునకు నాయకురాలైన బాలిక మఱియొకతెతో గట్టెక్కి, ఫోను పలుకు చోటు వెదకికొని నాలుగు గంటలకు ముందే మాకు వార్త పంపినది. ఎక్కడ నున్నారని యడిగితిమి. "నాలుగు ఒకటి ఏడు, మూడు ఎనిమిది రెండు. మీరు వ్రాసిన చోటనే ఉన్నాము మాస్టారూ" అన్నది.

ఆమె అంకెలను తిరుగవేసి చదువుచున్నదని మేము వెంటనే నిశ్చయించుకొంటిమి. తిరుగవేసినది గనుక నిజముగా 382417లో, అనగా మేము నిలిచియున్న చోటికి చుట్టుప్రక్కలనే యుండవలెనని లెక్కవేసితిమి. "తాటిచెట్టు మఱచితివా?" అని గట్టిగా మందలించితిమి. ఆమె "లేదు మాస్టారూ, కొండమీది గుడి మాకు వాయవ్యముగా నున్నది, గెడ్డ మలుపు క్రిందనే యున్నది, రెండింటిని పటములో చూచి లెక్కకట్టినాను" అన్నది. మేము వినలేదు. ఒక గంటసేపు మా చుట్టునున్న పొదలలో కేకలు వేయుచు వెదకితిమి. డిసెంబరులో ఆ కొండలయందు అయిదున్నరకే ప్రొద్దు క్రుంకును. మిగిలియున్న వెలుతురంతయు ఆ గంటలో పోయినది.

అయిదు గంటలకు మా తోటి ఉపాధ్యాయురాలు "మీ పుస్తకము ఒకమారు చూడనిండు" అన్నారు. చూచిరి. ఏమియు అనక పుస్తకమును మా చేతికి తిరిగి యిచ్చిరి. మా చేతివ్రాతయే.

మేము పల్లెవారిని వెంటబెట్టుకొని లాంతరులతో బయలుదేరి ఎనిమిది గంటలకు గెడ్డ చేరితిమి. చీటీలోని చదరమునకు నూఱు మీటర్ల లోపలనే వారుండిరి. మంట వేసికొని, గాయపడిన బాలిక కాలును కండువాతో కట్టి, కొండలోనున్న గుడి దిక్కుగా చూచుచు కూర్చుండిరి. పల్లెవారు డోలీ కట్టి ఆమెను మోసికొని వచ్చిరి. ఎముక విఱుగలేదు, నెలదినములలో నడువగలిగినది. చదువవలసిన దానిని సరిగా చదివినవారు ఆ దినమున ఆ బాలిక యొక్కతెయే. దానికి ఆమెకు దక్కినది మందలింపు. ఆమె తల్లిదండ్రుల యింటికి పోయి యీ సంగతి చెప్పివచ్చితిమి. పదిమంది యెదుట మందలించితిమి గనుక పదిమంది చదువు పత్రికలో గూడ వ్రాయుట న్యాయమని తోచినది.

అప్పటినుండి చీటీలలో ఊరక అంకెలు వ్రాయుట మానితిమి. "తూ 382, ఉ 417" అని అక్షరములు ముందుంచి వ్రాయుదుము. దీనిని తలక్రిందులు చేసినను అర్థము చెడదు. చీటీ పుచ్చుకొన్నవారు ఆ చోటును పటముపై వ్రేలితో చూపి, అచ్చట ఏమున్నదో, గుడియో, వంతెనయో, కొండకొమ్మో, నోటితో చెప్పినగాని శిబిరము విడువరాదు. వంతెనవద్ద కలిసికొనవలసిన వారు గెడ్డను చూపినచో తప్పు అచ్చటనే బయటపడును. శిక్షణ కళాశాలలో మా గురువులు ఇసుకలో పటము గీయించి ఇదియే చేయించెడివారు. అప్పుడు అది చిన్నపిల్లల యాటవలె తోచినది.

ఫోనులున్న కాలములో నిదియంతయు ఎందులకని కొందఱు తండ్రులు అడిగినారు. మంచి ప్రశ్నయే. ఫోనులోని జి.పి.ఎస్. ఉపగ్రహములనుండి సంకేతములను దీసికొనును. దానికి టవరుతో పనిలేదు. కాబట్టి మాటలు పలుకని లోయలోగూడ చోటు అంకెలు కనబడవచ్చును. అయితే ఆ అంకెల వెనుకనుండవలసిన పటము ముందుగా దింపుకొననిచో తెరపై తెల్లని గడ్డి మాత్రమే యుండును. నిటారైన గట్టుల నడుమ అంకెలే తప్పవచ్చును. బ్యాటరీ సంగతి చెప్పనక్కఱలేదు. దీనికన్న ముఖ్యమైనది వేఱొకటి: ఆ అంకెలను మఱియొక మనిషికి నోటితో చెప్పవలసి వచ్చుట. 112కు పిలిచినప్పుడు ముందుగా ఊరు, మండలము, దగ్గఱి రోడ్డు చెప్పి, పిమ్మట అంకెలను ఒక్కొక్కటిగా, ఉత్తరమో తూర్పో పేరుపెట్టి చదివి, అవతలివారిచేత తిరిగి చదివించుకొనవలెను. పదునేడు అనక ఒకటి ఏడు అనుట మంచిది.

ఈ వేసవి సెలవులలో అభ్యాసమునకై మూడు ప్రశ్నలిచ్చట ముద్రింపబడుచున్నవి. వీనిని తయారుచేసినది పైన చెప్పిన నాయకురాలే. ఒకటి: మీ యింటి అక్షాంశ రేఖాంశములను ఫోనులో చూచి, వానిని డిగ్రీలు, నిమిషములు, సెకనులుగా మార్చుడు. రెండు: పాత పద్ధతిలో మీ యూరు ఏ సంఖ్య, ఏ అక్షరము, ఏ అంకెగల పటములో వచ్చునో, పటము చూడకయే లెక్కకట్టుడు, 56వ చదరము 76వ రేఖాంశము నుండి 80వ దాని వఱకును, 16వ అక్షాంశము నుండి 20వ దాని వఱకును వ్యాపించియున్నది, దానికి తూర్పున నానుకొనియున్నది 65వది. మూడు: తూ 382, ఉ 417 చోటునుండి తూ 417, ఉ 382 చోటునకు తిన్నని దూర మెంత? జవాబులను జూను నెలలో బడి తెఱచిన మొదటి వారములో భూగోళపు గదిలో ఆ బాలికకే యీయవలెను, దిద్దునది ఆమెయే.